ఆర్గన్ సారు బండి

పని బంద్ చేసిన మెకానిక్ కనబడితె జనాలకు ఊకె అడగబుద్ధయితది. పెండ్లికి పోయినా, దవాఖానల లైన్ల నిలబడ్డా, ఎవరో ఒకరు పక్కకు జరిగి "కాకా, మా ఆటోమేటిక్ బండి గేరు మారేటప్పుడు గుంజుతుంది, ఏమయ్యుంటది?" అని మెల్లగ మొదలుపెడతరు. నాకు ఒళ్ళు మండుతది. నాడి పట్టకుంట మందు చెప్పమంటె ఎట్ల? బండి తోలకుంట నేను నోరు తెరవ అంటె ముఖం మాడ్చుకొని పోతరు. పోనీ.

కొత్తగ పని నేర్చుకుంటున్నోళ్ళు ఇంకో తీరుగ అడుగుతరు. "అందరు చేతులెత్తేసినంక మీరు పట్టిన కేసు ఒక్కటి చెప్పున్రి" అని. అసొంటి కేసు ఒకటున్నది. మా వర్క్‌షాప్‌ల దాన్ని పెద్ద గొప్పగ చెప్పుకున్నం కూడ. నేను మాత్రం ఇన్నేళ్ళు ఎవరికీ చెప్పలే. ఇయ్యాల చెప్త, మీరన్న జర ఉషారుగ ఉంటరని.

మా వర్క్‌షాప్ నాంపల్లి స్టేషన్ దిక్కుకెల్లి ఆబిడ్స్ పోయే తొవ్వల, ఓ సందు లోపట ఉండె. పైన రేకులు, సందు మొదట్ల ఇరానీ హోటల్. మా ఉస్తాద్ పాతబస్తీ మనిషి. తెల్ల పైజామా ఏసుకొని పనికొస్తుండె, పొద్దుమీకె దాక దాని మీద ఒక్క మరక పడనిచ్చేటోడు కాదు. ఎట్లనో మాకెవ్వరికీ అంతుపట్టలే.

ఉస్తాద్ దగ్గర రెండు పద్ధతులుండె. బండి రాంగనే మొదటి మాట "కబ్ సే?" ఎప్పటిసంది అని. నిన్న మంచిగున్నది ఇయ్యాల ఎందుకు చెడ్డది, నడుమ ఏం మారింది, అది దొరికితె సగం రోగం దొరికినట్టె అనేటోడు. రెండోది, ట్రయల్‌కు పోయేటప్పుడు ఓనర్‌ను ఎక్కించుకోవద్దు. ఓనర్ పక్కన కూసుంటె చెవుల జోరీగనే. "అదిగో వచ్చింది, ఇన్నవా? మల్ల వచ్చింది, ఇన్నవా?" అని ఆయన భయం మనకు అంటిస్తడు. అందుకని ఓనర్‌ను స్టూల్ మీద కూసోబెట్టి చేతిల చాయ్ పెట్టి మేమే తీసుకపోతుంటిమి. ఆబిడ్స్ దాక ఓ రౌండ్ కొట్టి వచ్చెటాలకు సంగతి తేలాలె.

ఆటోమేటిక్ గురించి మీకు తెలిస్తె మంచిదే, తెల్వకుంటె ఇంత చాలు. క్లచ్ ఉండదు. మన కాలు ఎంత తొక్కుతుందో, బండి ఎంత స్పీడ్ల పోతుందో చూసుకొని గేరు తనకు తానే ఏసుకుంటది. కాలు గట్టిగ నొక్కితె, ఈయనకు తొందరున్నట్టుంది అని కింది గేరుకు దిగుతది. సల్లగ ఇడిస్తె పై గేరుకు ఎక్కుతది. పాపం, అది కాలు చెప్పినట్టు ఇంటది.

సారు మొదటిసారి వచ్చినప్పుడు ఎండకాలం. మిషన్ స్కూల్ల సంగీతం చెప్పి రిటైరయిన మనిషి. ఇస్త్రీ చేసిన చొక్కా, మెత్తటి మాట. చిన్న బండి, బిడ్డ కొనిచ్చిందంట. స్టూల్ మీద కూసోని చాయ్ తాగకుంట నాకు చెప్పుకుంట పోయిన్రు.

"బాబూ, ఇది నిలకడగా ఉండటం లేదు. పై గేరుకి వెళ్తుంది, మళ్ళీ కిందికొస్తుంది, మళ్ళీ పైకి. శ్రుతి దొరకని పాటగాడిలాగా తచ్చాడుతోంది."

"ఎప్పటిసంది సార్?"

"ఈస్టర్ అయ్యాక అనుకుంటాను. మా అమ్మాయి బండి అమ్మేసి ఆటోలో వెళ్ళమంటోంది. నేను ఆటోలో వెళితే మా చర్చి క్వయర్‌లో పాడే పెద్దమ్మల్ని ఎవరు తీసుకొస్తారు? చాదర్‌ఘాట్‌లో ఇద్దరు, హిమాయత్‌నగర్‌లో ఒకరు. మెట్లెక్కలేరు గానీ గొంతెత్తితే చర్చి నిండిపోతుంది. ఈ బండి లేకపోతే నా క్వయర్ లేదు, బాబూ."

"ఫికర్ చేయకున్రి సార్" అని తాళం తీసుకొని పోయిన. ఆబిడ్స్ ట్రాఫిక్‌ల తోలిన, ఖాళీ తొవ్వల తోలిన. వెన్న లెక్క పోయింది. గేరు ఎప్పుడు మారిందో తెల్వనే లేదు. తెచ్చి ఇచ్చిన. వారానికి మల్ల వచ్చిన్రు. అదే మాట.

గేర్ ఆయిల్ నల్లగుంటె మార్చినం. మల్ల వచ్చిన్రు. ఆయిల్‌ను ఏ దిక్కు పంపాలెనో చూసే వాల్వుల డబ్బా ఒకటుంటది, దాన్ని ఇప్పి కడిగి బిగించినం. అది దినమంత పని. నేను తోలితె మంచిగున్నది. సారు మల్ల వచ్చిన్రు. నాకు మండింది. ముసలాయనకు చాదస్తం, పాట స్వరాలు రాసే గీతల కాయితం మీద బతికినోళ్ళకు చిన్న తేడా గూడ పెద్దగ కనబడుతది అని లోపట లోపటనే తిట్టుకున్న. మొఖం మీదనే అనేటోణ్ణి గని ఆయన ప్రతిసారి "మీకు శ్రమ ఇస్తున్నాను" అని రెండు చేతులు జోడిస్తుండె. అట్లాంటి మనిషిని ఏమంటవు?

మాకు బండికి స్కానర్ మిషన్ తగిలించి లోపటి లెక్కలు చూసేటాయన ఉండె. కాకినాడ దిక్కోళ్ళు, వాళ్ళ తాతలనాడే ఇక్కడికొచ్చి స్థిరపడ్డరు. డిప్లొమా చదివిండు. నాతోని పనిచేసి పనిచేసి సగం తెలంగాణ మాట్లాడేటోడు గని, ఘడియకోసారి మల్ల గోదారి దాటేటోడు. ఆయన అన్నడు, "అన్నయ్యా, కాలు ఎంత నొక్కిందో చెప్పే యాక్సిలేటర్ సెన్సర్ తేడా చేస్తోందేమోనండీ" అని. అదీ మార్చినం. సారు మల్ల వచ్చిన్రు.

అప్పుడు ఉస్తాద్ సారును పైకెల్లి కింది దాక చూసిండు. చాయ్ గ్లాస్ పక్కన పెట్టిండు. "మియా, రివాజ్ ఇయ్యాల పక్కన పెట్టు. సార్ తోల్తరు, నువ్వు పక్కన కూసో" అన్నడు నాతోని. ఆయన నోట్లకెల్లి ఆ మాట వస్తుందని ఎన్నడనుకోలే.

సారు స్టీరింగ్ పట్టిన్రు, నేను పక్కన. ఎనుక సీట్ల స్కానర్ ఆయన, ఒళ్ళె మిషన్. స్టేషన్ రోడ్డు మీద మంచిగనే ఉన్నది. ఆబిడ్స్ రాంగనే ట్రాఫిక్ సల్లబడి, ఒక్క తీరుగ మెల్లగ పోయే జాగ దొరికింది. అప్పుడు మొదలయింది. బండి ఊగవట్టింది. ఎక్కుతుంది, దిగుతుంది, ఎక్కుతుంది. నా తలకాయ ముందుకు ఎనుకకు.

"చూశారా బాబూ?" అన్నరు సారు. ఆ గొంతుల ఎంత సంతోషమో! ఇన్ని రోజులు ఎవరూ నమ్మని మాట నిజమయినందుకు.

ఎనుకకెల్లి స్కానర్ ఆయన అరిచిండు. "అన్నయ్యా, గేరు కాదు! తెర మీద యాక్సిలేటర్ లైను రంపం పళ్ళలా వస్తోంది. కొత్త సెన్సరూ పోయినట్టుందండీ!"

సెన్సర్ పోలే. నేను వంగి కిందికి చూసిన. సారు కుడికాలు పెడల్ మీద టకటక ఆడుతుంది. మడమ పైకి కిందికి, పైకి కిందికి. పైన చూస్తె సారు మొఖం ప్రశాంతంగ ఉన్నది, కండ్లు రోడ్డు మీద. కింద ఏమవుతుందో ఆయనకు తెల్వనే తెల్వదు.

"సార్, మీ కాలు" అన్న.

బండి పక్కకాపి చూసుకున్నరు. "అరె" అన్నరు. జరసేపు తన కాలును తానే వేరేటోళ్ళది చూసినట్టు చూసిన్రు.

వర్క్‌షాప్‌కు తిరిగొచ్చినం. సారు దిగి స్టూల్ దాక నడిచొచ్చిన్రు. ఒక కాలుకు చెప్పు లేదు. బండిల మ్యాట్ మీదనే పడి ఉన్నది. నేను తెచ్చి ఇస్తె "ఎప్పుడు జారిందో తెలియనేలేదు" అని నవ్విన్రు. ఈ మధ్య ఇంట్ల గూడ అట్లనే అయితుందన్నరు. "సారు పాటల లోకంలో ఉన్నారండీ" అన్నడు స్కానర్ ఆయన. మేమందరం నవ్వినం.

ఇగ నేను అడిగిన, "సార్, మీరు ఇంకేమన్న పని చేస్తరా కాళ్ళతోని? కుట్టుమిషన్ గిట్ల?"

"లేదు బాబూ. ఆదివారం చర్చిలో ఆర్గన్ వాయిస్తాను. పాతకాలంది. కింద కాళ్ళతో తొక్కుతుంటే గాలి నిండి పలుకుతుంది."

నా నెత్తిల లైట్ ఎలిగింది. చెయ్యి చరిచి లేచిన. "దొరికిండు దొంగ! సార్, మీరు బండి తోల్తలేరు. ఆర్గన్ తొక్కుతున్నరు!"

వర్క్‌షాప్ అంతా ఒక్కటే నవ్వు. ఉస్తాద్ "వాహ్ రే వాహ్" అని నా ఈపు మీద కొట్టిండు. సారు గూడ నవ్విన్రు, కండ్లకెల్లి నీళ్ళొచ్చే దాక నవ్విన్రు. మా దగ్గర ఓ ఆనవాయితీ ఉండె. మొండి కేసు పట్టినోణ్ణి ఉస్తాద్ తన కుర్చీల కూసోబెట్టి, అందరికీ ఉస్మానియా బిస్కెట్లు, చాయ్ తెప్పిస్తుండె. ఆ దినం ఆ కుర్చీ నాది. కూసున్న. కాలు మీద కాలేసుకొని మరీ కూసున్న.

నవ్వు సల్లారినంక సారు బిస్కెట్ చాయ్‌ల ముంచుకుంట ఒక మాట అడిగిన్రు.

"అది సరే గానీ బాబూ, నేను ఆర్గన్ పట్టుకుని యాభై ఏళ్ళవుతోంది. బండి నడపబట్టి చాలా ఏళ్ళయింది. ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడే ఎందుకొచ్చిందంటారు?"

ఎప్పటిసంది? నడుమ ఏం మారింది? మా వర్క్‌షాప్ మొదటి ప్రశ్న అది. ఆ దినం మేం అడగాల్సింది, సారే అడిగిన్రు. ఎవరమూ ఇనలే. ఉస్తాద్ చేతిల సాసర్ ఊదుకుంట "ఉమర్ సార్, ఉమర్. వయసు ముదిరితె అలవాటు గూడ ముదురుతది" అన్నడు. మల్ల నవ్వు. అంతటితోని అయిపోయింది.

నేను ఊకున్ననా? రబ్బర్ ముక్క మంచిగ కోసి, పెడల్ ముందట మ్యాట్ కింద మడమకు ఆనేటట్టు బిగించిన. మడమ ఎత్తు మారంగనే కాలు ఆడుడు బంద్ అయింది. సారును తోలమన్న. ఆబిడ్స్ పోయొచ్చిన్రు, వెన్న లెక్క. అయ్యో, అది చూసి నేను ఎంత మురిసిన్నో! ఇంక రుజువేం కావాలె అనుకున్న. రోగానికి మెత్త ఏసి పండబెట్టిన్నని నాకేం ఎరుక?

సారు మల్ల కంప్లైంట్ తోని రాలే. క్రిస్మస్‌కు మాత్రం పెద్ద ప్లమ్ కేక్ పట్టుకొని వచ్చిన్రు. నేను వేరే బండి కింద పండి ఉన్న, చెయ్యి ఊపిన. సారు గోడ పట్టుకొని నిలబడి ఉస్తాద్‌తోని మాట్లాడుతుండె. చర్చిల అందరికీ చెప్పినరంట, మెకానిక్ గారు నా కాలికి స్వరం దిద్దారు అని. పాస్టర్ గారు గూడ వాక్యం చెప్పేటప్పుడు ఆ ముచ్చట తెచ్చి అందరినీ నవ్వించినరంట.

తర్వాతి ఎండకాలంల బండి వచ్చింది. బండిల సారు లేరు. దినం కూలికి బండి తోలే యాక్టింగ్ డ్రైవర్ తోలుకొచ్చిండు, ఎనుక సీట్ల సారు భార్య. ఆమెను మేం ఎన్నడు చూడలే. సన్నగ, తెల్ల చీర, చేతిల సంచి.

"మీరేనా అండీ ఆర్గన్ సంగతి కనిపెట్టింది?" అన్నరు.

"ఔనమ్మా. సార్ ఎట్లున్నరు?" నవ్వుకుంటనే అడిగిన.

"ఆ రబ్బరు ముక్క తీసెయ్యండి బాబూ. బండి అమ్మేస్తున్నాం. కొనుక్కునేవాళ్ళకి అది అడ్డమవుతుంది."

అప్పుడు చెప్పిన్రు. ఈస్టర్ ముందట చర్చి మెట్ల మీద పడిపోయిన్రంట. కాళ్ళు కట్టెలయినయి. దవాఖానకు తీసుకపోతె మెడ ఫోటో తీసిన్రు. మెడ ఎముకలు పెరిగి లోపటి నరాల కట్టను నొక్కుతున్నయంట, మెల్లమెల్లగ, ఏడాది మీదికెల్లి. ఆపరేషన్ చేసిన్రు. చేతులు నిలబడ్డయి. కాళ్ళు రాలే.

"డాక్టరు గారు మొట్టమొదట ఏం అడిగారో తెలుసా? కాలు దానంతటదే టకటకా కొట్టుకునేదా, చెప్పు జారితే తెలిసేది కాదా అని. అవి కనబడినప్పుడే వచ్చి ఉంటే నడిచి వెళ్ళేవారమ్మా అన్నారు."

ఆమె మాటల కోపం లేదు. ఉంటె బాగుండు.

"మా అమ్మాయి అప్పుడే పోరుపెట్టింది బాబూ. నాన్నా, ఓసారి డాక్టరుకి చూపిద్దాం అని. ఈయన వింటేనా? మెకానిక్ గారు చూశారుగా, అది ఆర్గన్ అలవాటే అనేవారు. ఎవరడిగినా అదే."

కింద పండుకొని ఆ రబ్బర్ ముక్క పీకిన. నేను గట్టిగ బిగించిన్న, తొందరగ రాలే.

ఆదివారం పొద్దుగాల సారు ఇంటికి పోయిన. పోవాల్నా వద్దా అని చాదర్‌ఘాట్ బ్రిడ్జి కాడ బస్సు దిగి జరసేపు నిలబడ్డ. మొఖం ఎట్ల చూపెట్టాలె? అయినా పోయిన. సారు చక్రాల కుర్చీల ఉన్నరు, ఇస్త్రీ చొక్కా అట్లనే ఉన్నది. క్వయర్ ఏమైందని అడగలే. సారే చెప్పిన్రు, చర్చిల ఇప్పుడు కరెంటు కీబోర్డ్ పెట్టిన్రంట, పెద్దమ్మలు ఇండ్లల్లనే ఉంటున్నరంట.

"సార్, నన్ను మాఫ్ చేయున్రి" అన్న. ఇంకా చెప్పబోతుంటె చెయ్యి అడ్డం పెట్టిన్రు.

"చాయ్ తాగండి ముందు. మా ఆవిడ ప్రార్థన చేసుకునే వేళయింది. కూర్చోండి."

ఇంట్ల ఓ మూల చిన్న ఆర్గన్ ఉన్నది. సారు భార్య దాని ముందట కూసోని పాట మొదలుపెట్టిన్రు. సారు కుర్చీలకెల్లి సన్నగ గొంతు కలిపిన్రు. నాకు పాట చెవికెక్కలే. నేను ఆమె కాళ్ళే చూస్తున్న.

జీవితంల మొదటిసారి ఆర్గన్ తొక్కుడు చూసిన. ఒక పాదం మెల్లగ కిందికి పోతుంది. అది దిగేటప్పటికి రెండోది మెల్లగ లేస్తుంది. నిదానంగ, ఊపిరి పీల్చి ఇడిసినట్టు. రెండు కాళ్ళూ, ఒకదాని ఎనుక ఒకటి. ఆ దినం ఆబిడ్స్‌ల నేను చూసిన టకటక దీంట్ల ఏడ్నన్న ఉందేమోనని పాట అయిపోయే దాక ఎతికిన. లేదు. దానికీ దీనికీ ఏం సంబంధం లేదు. బండి తోలకుంట నోరు తెరవ అనేటోణ్ణి, ఆర్గన్ చూడకుంటనే తీర్పు చెప్పిన. ఎవరన్న చర్చి దాక పోయి ఓ పాట సేపు నిలబడితె సరిపోతుండె.

పాట ఆగింది. ఆమె లోపటికి పోయిన్రు. సారు నన్నే చూస్తున్నరు.

"ఆవిడ పాదాలనే చూశారు కదూ" అన్నరు.

నేను తల వంచుకున్న.

"ఆర్గన్ అలా తొక్కరని నాకు తెలియదా బాబూ? యాభై ఏళ్ళు తొక్కినవాణ్ణి. మీరు చెప్పిన మరుక్షణమే తెలుసు."

"మరి అప్పుడే అనొచ్చు గదా సార్! ఒక్క మాట అనొచ్చు గదా!" నాకు ఏడుపొచ్చింది, గొంతు లేచింది. ఆయన మీద అరిచిన్నో, నా మీద నేనే అరుచుకున్ననో.

సారు ఒళ్ళె ఉన్న దుప్పటి సర్దుకున్నరు.

"కాలు నా మాట వినడం లేదని అప్పటికే నాకు తెలుసు. రాత్రిళ్ళు భయం వేసేది. ఏమిటో, ఎంత పెద్దదో అని. మీరు ఆర్గన్ అన్నారు. అందరూ నవ్వారు. ఎంత హాయిగా అనిపించిందో! ఇంకెవరైనా ఇంకో కారణం చెబుతారేమోనని, మళ్ళీ ఎవరినీ అడగలేదు."